ఎంపీసీ అబ్బాయిలకేనా, ఏడుపు అమ్మాయిలకేనా? ఆడ, మగ తేడాల మీద పరిశోధనల్లో ఉన్నదేమిటి

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. పదో తరగతి అయిపోయిన మీ అమ్మాయి ఎంపీసీ తీసుకుంటానంటోంది. ఇంట్లో పెద్దవాళ్లేమో "ఆడపిల్లల మెదడు లెక్కలకు సరిపడదు, సైన్సే తేల్చింది, బైపీసీలో వెయ్యండి" అంటూ మెదడు బొమ్మ ఉన్న వాట్సాప్ మెసేజ్ ఒకటి చూపిస్తున్నారు. ఇక మీ ఎనిమిదేళ్ల బాబుకు చిన్నదానికీ పెద్దదానికీ కళ్లనీళ్లు వస్తాయి. "మగపిల్లాడివై ఉండి ఏడుపేంట్రా" అని అందరూ కసురుతున్నారు. ఆడ, మగ తేడా నిజంగా ఉందా, లేక లేదనడం ఇప్పటి ఫ్యాషనా అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా సైకాలజీ విద్యార్థులకు పరిశోధన పద్ధతులు చెబుతున్నాను. ఈ అంశం మీద వచ్చిన పేపర్లు చదవడం, చదివించడం నా పనిలో భాగం. సూటిగా చెబుతాను: తేడాలు ఉన్నాయి. కొన్ని గట్టివే, దేశం మారినా కనిపించేవే. అయితే మీ అమ్మాయి ఏ గ్రూపు తీసుకోవాలో, మీ బాబు ఏడవచ్చో లేదో తేల్చే శక్తి వాటిలో దేనికీ లేదు. ఎందుకో చెప్పాలంటే ముందు "తేడా" అంటే ఎంత అన్నది చూడాలి. గొడవంతా అక్కడే ఉంది.

పేపర్లో "మగవారిదే పైచేయి" అని హెడ్డింగు వస్తుంది, ఎంత పైచేయో రాయరు. క్లాసులో నేను ఇలా చెబుతాను. ఎవరో తెలియని ఒక మగవాణ్ణి, ఎవరో తెలియని ఒక ఆడమనిషిని జత చెయ్యండి. అలా వంద జతలు. ఎత్తు కొలిస్తే తొంభైకి పైగా జతల్లో మగవాడే పొడుగు. అది పెద్ద తేడా. అసలు తేడాయే లేకపోతే యాభైకి యాభై వస్తుంది. ఇప్పుడు లెక్కల పరీక్ష పెట్టండి. 2010లో సారా లిండ్‌బర్గ్, జానెట్ హైడ్ బృందం 242 అధ్యయనాలను కలిపి లెక్కేస్తే వచ్చిన తేడాను ఈ భాషలోకి మారిస్తే, 51 జతల్లో అబ్బాయి, 49 జతల్లో అమ్మాయి. అంతకు రెండేళ్ల ముందు హైడ్ బృందమే అమెరికాలో 10 రాష్ట్రాల్లో 70 లక్షల మందికి పైగా బడిపిల్లల మార్కులు చూసింది. రెండో తరగతి నుంచి పదకొండో తరగతి దాకా ఎక్కడా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఈ హైడ్ పేరు గుర్తుపెట్టుకోండి. విస్కాన్సిన్ యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్. 2005లో ఆమె 46 మెటా అనాలిసిస్‌లను (ఒకే ప్రశ్న మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగట్టే పద్ధతి) ఒకచోట పేర్చి చూసింది. తెలివి, మాట, స్వభావం, ఆత్మవిశ్వాసం, దూకుడు అన్నీ అందులో ఉన్నాయి. తేడాల్లో 78 శాతం సున్నాకు దగ్గరగానో, చిన్నవిగానో తేలాయి. మిగిలిన 22 శాతం ఉన్నాయని కూడా ఆమె దాచలేదు. బంతి విసిరే వేగంలో, కొన్ని రకాల దూకుడులో తేడా బాగానే ఉంది.

2022 పీసా పరీక్షలో (చాలా దేశాల పిల్లలకు పెట్టే అంతర్జాతీయ పరీక్ష), ఎక్కువగా ధనిక దేశాలుండే ఓఈసీడీ కూటమి సగటు చూస్తే 15 ఏళ్ల అబ్బాయిలు లెక్కల్లో 9 పాయింట్లు ముందున్నారు. అదే పరీక్షలో, చదివి అర్థం చేసుకోవడంలో అమ్మాయిలు 24 పాయింట్లు ముందున్నారు. ఆ 24ను పట్టుకుని మగపిల్లలకు చదువు అబ్బదని ఎవరూ అనరు. అనకూడదు కూడా. మరి 9కి మాత్రం అంత బరువు ఎందుకివ్వాలి?

ఇక ఆ వాట్సాప్ మెసేజ్. "ఆడవాళ్లలో రెండు మెదడు భాగాలనూ కలిపే వంతెన పెద్దది, అందుకే వాళ్లకు మాటలు, భావాలు ఎక్కువ, మగవాళ్లలో ఒక్కో వైపు విడిగా పనిచేస్తుంది, అందుకే లాజిక్ ఎక్కువ" అని ఉందన్నారు. దీని పుట్టుక తెలుసుకోవలసినదే. 1982లో సైన్స్ పత్రికలో చిన్న పేపర్ ఒకటి వచ్చింది. చనిపోయినవారి మెదళ్లు కోసి, రెండు అర్ధభాగాలను కలిపే కార్పస్ కలోజమ్ అనే తంతువుల కట్టను కొలిచారు. కొలిచిన మెదళ్లు ఎన్ని? పద్నాలుగు. తొమ్మిది మగవారివి, అయిదు ఆడవారివి. అయిదుగురిని చూసి ప్రపంచంలోని ఆడవాళ్లందరి గురించి చెప్పిన మాట నాలుగు దశాబ్దాలుగా తిరుగుతూనే ఉంది. 1997లో బిషప్, వాల్‌స్టెన్ అనే ఇద్దరు 49 అధ్యయనాలు కలిపి చూసి, అలాంటి తేడాకు ఆధారం లేదని తేల్చారు. ఆ పేపర్ ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

1995లో నేచర్ పత్రికలో వచ్చిన మరో పేపరుదీ ఇదే కథ. 19 మంది మగవారిని, 19 మంది ఆడవారిని స్కానర్‌లో పడుకోబెట్టి, రెండు అర్థంలేని పదాలు ప్రాసలో కలుస్తాయా అని అడిగారు. మగవారిలో ఎడమవైపు మాత్రమే, ఆడవారిలో సగానికి పైగా మందిలో రెండువైపులా మెదడు పనిచేసిందన్నారు. పత్రికలు దాన్ని పెద్ద వార్తగా వేశాయి. తర్వాత పెద్ద సంఖ్యలో మనుషులను చూసిన అధ్యయనాలను ఐరిస్ సోమర్ బృందం 2004లో కలిపి లెక్కిస్తే ఆ తేడా నిలబడలేదు.

మగవారి మెదడు సగటున పదో వంతు దాకా పెద్దదన్నది నిజం. వారి శరీరమూ పెద్దదే కదా. మెదడు పరిమాణాన్ని లెక్కలో సర్దాక మిగిలే తేడాలు చాలా చిన్నవని లీజ్ ఎలియట్ బృందం 2021లో మూడు దశాబ్దాల స్కాన్ పరిశోధనంతా తిరగేసి రాసింది. టెల్ అవీవ్ యూనివర్సిటీలో డాఫ్నా జోయెల్ 1,400కు పైగా మెదడు స్కాన్లు చూసి 2015లో ఇంకో మాట చెప్పింది. ఒకే మనిషి మెదడులో కొన్ని భాగాలు ఆడవారిలో ఎక్కువగా కనిపించే తీరులో, కొన్ని మగవారిలో ఎక్కువగా కనిపించే తీరులో కలిసిపోయి ఉంటాయి. అన్నీ ఒకే వైపు ఉన్న మెదళ్లు చాలా అరుదు.

ఈ కథ కొత్తది కాదని కూడా మీ పెద్దవాళ్లకు చెప్పండి. 1887లో జార్జ్ రోమేన్స్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త, ఆడవారి మెదడు సగటున అయిదు ఔన్సులు తక్కువ బరువు ఉంటుంది కాబట్టి తెలివీ తక్కువే ఉండాలని రాశాడు. ఎవరినీ పరీక్షించి చెప్పిన మాట కాదు, బరువు చూసి చెప్పిన మాట. తర్వాత 1903లో షికాగోలో హెలెన్ థాంప్సన్ 25 మంది మగవారిని, 25 మంది ఆడవారిని ల్యాబులో కూర్చోబెట్టి నిజంగా పరీక్షలు పెట్టింది. తేడాలు కొద్దిగా, పోలికలు ఎక్కువగా కనిపించాయి. పరీక్ష పెట్టినప్పుడల్లా జరుగుతున్నది దాదాపు ఇదే.

ఇప్పుడు నిజంగా పెద్దగా ఉన్న తేడా దగ్గరకొద్దాం, ఎందుకంటే దాన్ని దాస్తే నా మాట మీరు నమ్మనక్కర్లేదు. దాని పేరు మెంటల్ రొటేషన్. పది చిన్న ఘనాలను వరుసగా అంటించి రెండు మూడు చోట్ల వంచిన బొమ్మ ఊహించుకోండి. కాగితం మీద ఆ బొమ్మ ఒకటి ఉంటుంది. పక్కన నాలుగు బొమ్మలుంటాయి. వాటిలో రెండు అదే బొమ్మను తిప్పి గీసినవి, రెండు కావు, అద్దంలో కనిపించే ప్రతిబింబం లాంటివి. సరైన రెంటినీ పట్టుకోవాలి, అదీ గడియారం నడుస్తుండగా. 1971లో షెపర్డ్, మెట్జ్‌లర్ మొదలుపెట్టిన బొమ్మలు ఇవి. 1995లో డేనియల్ వోయర్ బృందం ఈ రకం అధ్యయనాలను కలిపి లెక్కేస్తే తేడా మన వంద జతల భాషలో 65 వరకు వచ్చింది. ఎత్తు తేడాతో పోలిస్తే సగం కూడా కాదు, అయినా లెక్కల మార్కుల్లో ఉన్న 51తో పోలిస్తే చాలా ఎక్కువ. వంద జతల్లో 35 చోట్ల అమ్మాయే ముందుందన్నదీ మరువకండి. టైము ఒత్తిడి తీసేస్తే ఈ తేడా తగ్గుతుందని కూడా వోయర్ తర్వాత చూపించాడు.

ఇదే నైపుణ్యం ఇంజనీరింగ్ మొదటి ఏడాది డ్రాయింగ్ పేపరులో కావాలి. ఐసోమెట్రిక్ వ్యూ (వస్తువు మూడు వైపులూ ఒకేసారి కనిపించేలా గీసిన బొమ్మ) ఇచ్చి ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి ఎలా ఉంటుందో గీయమంటారు కదా, అదే. మరి ఇది పుట్టుకతో వచ్చేదా, నేర్చుకునేదా? అమెరికాలో మిషిగన్ టెక్ అనే ఇంజనీరింగ్ యూనివర్సిటీలో షెరిల్ సోర్బీ 1990ల నుంచి దీని మీద పనిచేసింది. చేరిన వెంటనే విద్యార్థులకు ఈ బొమ్మల పరీక్ష పెట్టి, తక్కువ వచ్చినవారికి చిన్న కోర్సు నడిపింది. ఘనాలు చేత్తో పట్టుకుని తిప్పడం, గీయడం, మళ్లీ తిప్పి గీయడం, ఇంతే. కోర్సు చేసినవారి మార్కులు పెరిగాయి, తర్వాతి ఇంజనీరింగ్ సబ్జెక్టుల్లోనూ నిలదొక్కుకున్నారు. వారిలో అమ్మాయిలు చాలామంది. 2013లో డేవిడ్ ఉట్టల్ బృందం ఇలాంటి శిక్షణ మీద జరిగిన 217 అధ్యయనాలు కలిపి చూసింది. అభ్యాసం వల్ల వచ్చే మెరుగు దాదాపు ఆడ, మగ తేడా అంత పెద్దదే. ఆ మెరుగు ఆడవారిలోనూ మగవారిలోనూ వచ్చింది, కొంతకాలం నిలిచింది కూడా. టొరంటోలో అయితే పది గంటలు యాక్షన్ వీడియోగేమ్ ఆడించడంతోనే అమ్మాయిలు చాలావరకు అందుకున్నారని 2007లో రాశారు.

నాకు బాగా నచ్చిన పరిశోధన మన దేశంలోనే జరిగింది. ఈశాన్యంలో ఖాసీలు, కర్బీలు పక్కపక్కనే ఉండే రెండు తెగలు. తిండీ, వాతావరణం, వ్యవసాయం దాదాపు ఒకటే. ఖాసీల్లో ఆస్తి చిన్న కూతురికి వెళుతుంది, కర్బీల్లో పెద్ద కొడుక్కి. మోషే హాఫ్‌మన్, ఉరి గ్నీజీ, జాన్ లిస్ట్ 2011లో ఆ ఊళ్లలో 1,279 మందికి నాలుగు ముక్కల పజిల్ ఇచ్చి పేర్చమన్నారు. త్వరగా పేరిస్తే అదనంగా డబ్బు. కర్బీల్లో ఆడవారికి మగవారికన్నా సుమారు మూడో వంతు ఎక్కువ సమయం పట్టింది. ఖాసీల్లో తేడా కనిపించలేదు. పక్కపక్క కొండల మీద ఉన్న మనుషుల్లో ఈ తేడా ఒకచోట ఉండి ఒకచోట లేకపోవడానికి జన్యువులు కారణం అనడం కష్టం. ఆడపిల్లకు చదువు ఎన్నేళ్లు దక్కింది, ఇల్లు ఎవరి పేరున ఉంది అన్నవి లెక్కలోకి తెస్తే తేడాలో కొంత అక్కడే కరిగిపోయింది. ఒక్క పజిల్ మీద మొత్తం సిద్ధాంతం కట్టకూడదు, నిజమే. కానీ "పుట్టుకతోనే ఇంతే" అనే మాటకు ఇది గట్టి అడ్డు.

మన దగ్గరి సంగతి. కార్తీక్ మురళీధరన్ బృందం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో అయిదేళ్ల పాటు ప్రాథమిక తరగతుల పిల్లలను ఏటా పరీక్షించింది. ఆ లెక్కలతో కేత్కీ షేఠ్‌తో కలిసి 2016లో రాసిన పేపరులో ఉన్నది ఇది: అమ్మాయిలు ఏటా కొద్ది కొద్దిగా వెనకబడుతున్నారు, లెక్కల్లో కాస్త ఎక్కువ. అయితే టీచరు ఆడమనిషైన ఏడాది అమ్మాయిలు ఎక్కువ నేర్చుకున్నారు, అబ్బాయిలకు నష్టమేమీ జరగలేదు. తరగతులు ఎక్కే కొద్దీ పెరిగే తేడా, టీచరు మారితే తగ్గే తేడా మెదడు నిర్మాణం నుంచి వచ్చిందని ఎలా అనగలం? అంతకన్నా మన కళ్లముందున్నది, రెండు రాష్ట్రాల్లోనూ ఏటా పదో తరగతి, ఇంటర్ ఫలితాల్లో ఉత్తీర్ణత శాతం అమ్మాయిలదే ఎక్కువగా ఉంటోంది.

"సగటు సరే, టాప్ ర్యాంకుల్లో అబ్బాయిలే ఎక్కువ కదా" అని ఎవరైనా అంటారు. అనాల్సిన మాటే. అబ్బాయిల మార్కులు రెండు చివరలకూ ఎక్కువ చెదిరి ఉంటాయన్నదానికి ఆధారాలున్నాయి. 1932లో స్కాట్లండ్‌లో 11 ఏళ్ల పిల్లలందరికీ తెలివి పరీక్ష పెట్టారు, 80 వేల మంది దాకా. సగటులో తేడా లేదు, కానీ బాగా పై మార్కుల్లోనూ బాగా కింది మార్కుల్లోనూ అబ్బాయిలు ఎక్కువ. ఇది నిజం. అయితే ఆ పైచివర అబ్బాయిల వైపు ఎంత మొగ్గి ఉంటుందన్నది స్థిరం కాదు. అమెరికాలో 13 ఏళ్లు నిండకముందే శాట్ (అక్కడి కాలేజీ ప్రవేశ పరీక్ష) లెక్కల్లో 700 దాటిన పిల్లలను 1980ల మొదట్లో లెక్కేస్తే ఒక అమ్మాయికి 13 మంది అబ్బాయిలు. దాదాపు పాతికేళ్లలో ఆ నిష్పత్తి ఒకటికి నాలుగు దరిదాపులకు పడింది. మనుషుల జీన్స్ పాతికేళ్లలో మారవు. మారినవి కోచింగు, ప్రోత్సాహం, ఆడపిల్లకు ఆ పోటీ గురించి తెలియడం.

మన ఐఐటీల్లో 2018 నుంచి అమ్మాయిల కోసం అదనపు సీట్లు పెట్టి వారి వాటాను మొదట 14 శాతానికి, తర్వాత 20 శాతానికి తెచ్చారు. అంతకుముందు పదిమందిలో ఒక్కరు కూడా కష్టం. జేఈఈ కోసం ఊరు దాటి రెసిడెన్షియల్ కాలేజీలో వెయ్యడానికి కొడుకు విషయంలో లేని సందేహం కూతురి విషయంలో ఎన్ని ఇళ్లలో వస్తుందో మీకు తెలుసు. ఆ సందేహం ర్యాంకుల్లో కనిపిస్తుంది, దాన్ని మనం తెలివి అని పేరు పెట్టి పిలుస్తున్నాం.

రెండు చిక్కు విషయాలు దాటవెయ్యకూడదు. మొదటిది ఆసక్తి. వస్తువులతో పని ఇష్టమా, మనుషులతో పని ఇష్టమా అని అడిగితే తేడా పెద్దది. 2009లో రాంగ్ సూ బృందం అయిదు లక్షల మందికి పైగా జవాబులు చూస్తే వంద జతల్లో సుమారు 75 చోట్ల మగవారు వస్తువుల వైపు మొగ్గారు. ఇది సామర్థ్యం కాదు, ఇష్టం. అందులోనూ ఎక్కువ భాగం అమెరికా లెక్క. మన దేశంలో సైన్సు, ఇంజనీరింగ్ డిగ్రీల్లో ఆడపిల్లల వాటా 40 శాతం దాటింది. కాబట్టి ఇష్టం కూడా గాలిలో పుట్టదు. రెండోది హార్మోన్లు. పుట్టుకతో అడ్రినల్ గ్రంథి లోపం వల్ల గర్భంలోనే మగ హార్మోన్లు ఎక్కువ అందిన ఆడపిల్లలు బొమ్మల ఎంపికలో అబ్బాయిల ఆటల వైపు ఎక్కువగా మొగ్గుతారు. ఇది పదేపదే తేలిన విషయం. జీవశాస్త్రం పాత్ర సున్నా అనేవాళ్లతో నేను ఒప్పుకోను. కానీ కారు బొమ్మ ఇష్టపడటానికీ, కాల్క్యులస్ రాకపోవడానికీ మధ్య చాలా దూరం ఉంది.

జ్ఞాపకశక్తి విషయం మన ఇళ్లలోని పెద్దావిడలకు సంబంధించింది కాబట్టి రెండు ముక్కలు. మాటలు, ముఖాలు, జరిగిన సంఘటనలు గుర్తుపెట్టుకోవడంలో ఆడవారు కొంచెం ముందుంటారు. 2019లో 617 అధ్యయనాలు కలిపి చూసినా అదే వచ్చింది, వంద జతల్లో 55. ధనిక దేశాల్లో వృద్ధాప్యంలోనూ ఆ ఆధిక్యం కనిపిస్తుంది. మన దేశంలో వృద్ధుల మీద జరిగే లాసీ సర్వే కోసం ముందుగా చేసిన పైలట్ సర్వే లెక్కలు 2014లో చూస్తే తలకిందులైంది. మన పెద్దావిడలు మగవారికన్నా వెనకబడి ఉన్నారు. బడి మొహం చూడనివ్వకపోవడమే అందులో పెద్ద కారణం. ఆడవారికి సగటున ఎక్కువగా ఉండే సామర్థ్యాన్ని కూడా చదువు లేకపోవడం తినేసింది. పెద్దవాళ్లతో వాదన వస్తే ఈ ఒక్క సంగతి చెప్పండి.

ఇప్పుడు బాబు దగ్గరకు. భావోద్వేగాల పరిశోధనలో నేను ఎప్పుడూ మూడు ప్రశ్నలు విడదీస్తాను: లోపల ఎంత అనిపిస్తోంది, బయటికి ఎంత కనిపిస్తోంది, ఎదుటివారిది ఎంత పట్టుకోగలరు. జనం ఈ మూడింటినీ కలిపి "ఆడవాళ్లకు ఎమోషన్ ఎక్కువ" అనేస్తారు.

1998లో ఆన్ క్రింగ్, ఆల్బర్ట్ గోర్డన్ కాలేజీ విద్యార్థులకు భయం, దుఃఖం, సంతోషం కలిగించే సినిమా ముక్కలు చూపించి వారి ముఖాలను వీడియో తీశారు. ముఖం మీద అమ్మాయిలకే ఎక్కువ కనిపించింది. చూశాక "ఎంత అనిపించింది" అని అడిగితే అబ్బాయిలు, అమ్మాయిలు ఒకేలా చెప్పారు. అనిపించడం సమానం, చూపించడంలో తేడా. "ఆడవాళ్ల మూడ్ గంటకోలా మారుతుంది" అనే మాటనూ పరీక్షించారు. 2021లో 142 మంది ఆడ, మగవారి భావాలను 75 రోజుల పాటు రోజూ నమోదు చేశారు. ఎగుడుదిగుళ్లలో ఆడవారికీ మగవారికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 1914లోనే లీటా హాలింగ్‌వర్త్ న్యూయార్క్‌లో నెలసరి రోజుల్లో ఆడవారి పనితనం తగ్గుతుందా అని రోజువారీ పరీక్షలతో చూసి, తగ్గడం లేదని రాసింది. నూరేళ్లు దాటినా ఆ మాట మనవాళ్ల నోట్లోంచి పోలేదు.

ఎదుటివారి ముఖం, గొంతు చూసి భావం పట్టుకోవడంలో ఆడవారు కొంచెం ముందు, అది నిజం. 2014లో కలిపి లెక్కేసినప్పుడు వంద జతల్లో 55. కానీ ఇక్కడ క్లైన్, హాడ్జెస్ 2001లో చేసిన పని చూడాలి. ఎదుటివ్యక్తి ఏమనుకుంటున్నాడో సరిగ్గా పట్టుకుంటే డబ్బిస్తామన్నారు. తేడా పోయింది. అంటే మగవారికి చేతకాక కాదు, అవసరం అనిపించక. "మా ఆయనకు నా బాధ అర్థం కాదు" అని అనుకునే ఇళ్లలో ఈ ఒక్క పేపరు మీద చాలా మాట్లాడుకోవచ్చు.

చిన్నప్పుడు ఏం జరుగుతుందో చూపించే పాత ప్రయోగం ఒకటి ఉంది. 1976లో కాండ్రీ దంపతులు తొమ్మిది నెలల బిడ్డ వీడియో ఒకటి పెద్దవాళ్లకు చూపించారు. మూత తెరవగానే బొమ్మ పైకెగిరే డబ్బా బిడ్డ ముందు పెట్టారు. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. చూసేవారిలో సగం మందికి అది బాబు అని, సగం మందికి పాప అని చెప్పారు. బాబు అనుకున్నవారు "కోపం వచ్చింది" అన్నారు. పాప అనుకున్నవారు "భయపడింది" అన్నారు. వీడియో ఒకటే, ఏడుపూ ఒకటే. బిడ్డకు మాట రాకముందే బిడ్డ భావానికి మనం పేరు పెట్టేస్తున్నాం. కోపమైతే ఒకలా స్పందిస్తాం, భయమైతే దగ్గరికి తీసుకుంటాం.

2013లో టారా చాప్లిన్, అమీలియా ఆల్డావో పిల్లల మీద జరిగిన 166 అధ్యయనాలు కలిపి చూశారు. పసిపిల్లల్లో ఆడ, మగ తేడా దాదాపు కనిపించలేదు. వయసు పెరిగే కొద్దీ అది ఏర్పడుతూ వచ్చింది. తెలియనివారి ముందు ఉన్నప్పుడు ఎక్కువ కనిపించింది. పిల్లలు "ఎవరి ముందు ఏది చూపించొచ్చు" అనేది నేర్చుకుంటారని దానర్థం.

కాబట్టి మీ ఎనిమిదేళ్ల బాబులో లోపమేమీ లేదు. వాడికి అనిపించేది వాడి అక్కకు అనిపించినంతే. కసిరితే కన్నీళ్లు ఆగుతాయి, బాధ ఆగదు. అది కోపంగానో, మౌనంగానో బయటికొస్తుంది. మన దేశంలో ఆత్మహత్య చేసుకునే పదిమందిలో ఏడుగురు మగవారని నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో ఏటా చెబుతున్న లెక్క. దానికి అప్పులు, మద్యం, ఉద్యోగం లాంటి కారణాలు చాలా ఉంటాయి. అయినా మగవాడు తన బాధ నోరు తెరిచి ఎవరికీ చెప్పుకోలేకపోవడం అందులో ఒకటని నేను నమ్ముతాను. వాడు ఏడ్చినప్పుడు "ఏమైంది, కోపమా, భయమా, సిగ్గా" అని అడగండి. పేరు వాణ్ణే పెట్టనివ్వండి. ఏడుపు తగ్గాక ఏం చెయ్యాలో మాట్లాడండి. బడికి వెళ్లనని మొండికేయడం, నిద్ర పట్టకపోవడం, తిండి మానెయ్యడం కొన్ని వారాలు సాగితే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించండి. ఆ మాట ఆడపిల్ల విషయంలోనూ అంతే. పైగా డిప్రెషన్ యుక్తవయసు నుంచి ఆడపిల్లల్లో అబ్బాయిలకన్నా దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. చిన్న తేడా కాదు, మీ అమ్మాయి సరిగ్గా ఆ వయసులో ఉంది, గమనిస్తూ ఉండండి.

అమ్మాయి "నాకు లెక్కలంటే టెన్షన్" అందని చివర్లో రాశారు. థామస్ గోయెట్జ్ బృందం 2013లో దీని మీద మంచి పని చేసింది. మామూలుగా కూర్చోబెట్టి అడిగితే అమ్మాయిలు అబ్బాయిలకన్నా ఎక్కువ టెన్షన్ ఉందని చెప్పారు. లెక్కల క్లాసు జరుగుతుండగా, పరీక్ష రాస్తుండగా ఆ నిమిషంలో అడిగితే ఇద్దరిలోనూ ఒకటే టెన్షన్. అంటే అమ్మాయి చెబుతున్నది లెక్కతో తనకున్న అనుభవం కన్నా, లెక్కల విషయంలో తన గురించి తాను విన్నది. ఆరేళ్లకే అది మొదలవుతుంది. 2017లో లిన్ బియాన్ బృందం అమెరికాలో చూస్తే, "చాలా చాలా తెలివైనవాళ్లు" ఎవరంటే అయిదేళ్ల అమ్మాయిలు ఆడవాళ్లనే చూపించారు, ఆరేడేళ్ల అమ్మాయిలు అలా చూపించడం తగ్గించేశారు.

కాబట్టి గ్రూపు ఎంచుకునేటప్పుడు "నీకు లెక్కలంటే భయమా" అని అడగకండి, జవాబు తప్పుదారి పట్టిస్తుంది. ఇంటర్ మొదటి ఏడాది మ్యాథ్స్ పుస్తకం ఎవరి దగ్గరైనా తెచ్చి, తను చూడని అధ్యాయం ఒకటి ఇచ్చి వారం రోజులు సొంతంగా చదవమనండి. ఎన్ని లెక్కలు వచ్చాయన్నది అంత ముఖ్యం కాదు. రాని లెక్క దగ్గర ఎంతసేపు కూర్చుంది, మర్నాడు మళ్లీ తీసిందా అన్నది చూడండి. బైపీసీ అధ్యాయం కూడా ఒకటి ఇలాగే ఇవ్వండి. వారం తర్వాత ఏ పుస్తకం బల్ల మీద తెరిచి ఉందో దాన్ని బట్టి చేర్చండి. ఒకవేళ ఎంపీసీ అయితే, సెలవుల్లో రూబిక్ క్యూబో, ఘనాలతో కట్టే ఆటో, కాగితం మీద పెట్టెలను తిప్పి గీయడమో అలవాటు చెయ్యండి. ఇంజనీరింగ్ డ్రాయింగ్ దగ్గర అది పనికొస్తుంది. అదే క్యూబ్ బాబుకూ ఇవ్వండి.